మధ్య సైజు బండి కొనాలా వద్దా: చౌక విమాన సంస్థలకు తెగని లెక్క

మా చిన్నాయన కొడుకు రొయ్యల వ్యాపారి. విడవలూరు, అల్లూరు చుట్టుపక్కల రైతుల దగ్గర సరుకు కొని ప్లాంటుకు చేరుస్తాడు. పోయిన వేసవిలో ఒక రాత్రి పట్టుబడికి నన్నూ వెంట తీసుకెళ్ళాడు. కట్ట మీద టార్చిలైట్లు, వలలో ఎగిరిపడే రొయ్యలు, తూకం దగ్గర కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) గురించి వాదన. యాభై కౌంటని రైతు, కాదు అరవై అని మా అన్న. ఆ గొడవ తేలాక అసలు తలనొప్పి మొదలైంది. ఐస్‌తో కలిపి సరుకు ఒకటిన్నర టన్ను తేలింది. అన్న దగ్గరున్నవి రెండు బండ్లు. ఒకటి నాలుగు టన్నులు మోసే ఐషర్, రెండోది ముప్పాతిక టన్ను మోసే టాటా ఏస్. ఐషర్ వేస్తే సగానికి పైగా ఖాళీ. ఏస్ వేస్తే రెండు ట్రిప్పులు, రెండో ట్రిప్పు తెల్లారేలోపు ప్లాంటుకు అందదు.

"ఏ బండి తోలినా డ్రైవరు బత్తా ఒకటే రా. ఐషర్‌కి డీజిలు దండగ, ఏస్‌కి టైము దండగ" అన్నాడు.

"మధ్య సైజుది ఇంకోటి కొనుక్కోవచ్చు గదన్నా."

"కొంటే దానికి రోజూ పనేది?"

మర్నాడు కావలి వైపు పోతుంటే దగదర్తి దగ్గర ఆయనే అడిగాడు, ఇక్కడ ఎయిర్‌పోర్టు వస్తే మనకి ఏ విమానం వస్తదిరా అని. రాత్రి ఆయన అడిగిందీ ఇదీ ఒకటే ప్రశ్న అని నాకు అప్పుడు తట్టింది. దగదర్తిలో 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. నెల్లూరు వాళ్ళు విమానం ఎక్కాలంటే మాత్రం చెన్నైకో రేణిగుంటకో పోవడమే అలవాటు. అందులోనూ చెన్నై ఎయిర్‌పోర్టు ఊరికి అవతలి పక్క మీనంబాక్కంలో ఉంది కాబట్టి, గుమ్మిడిపూండి దాటినప్పటి నుంచి ట్రాఫిక్ టెన్షనే. రన్‌వే కట్టడం ప్రభుత్వం పని. కట్టాక దాని మీద ఎవరు దిగుతారన్నది మాత్రం విమాన సంస్థల లెక్క. మన దేశంలో ఆ లెక్క వేసేది ఎక్కువగా చౌక టికెట్ల సంస్థలే. వాళ్ళ దగ్గరున్న జెట్లేమో 180 సీట్లు, ఆ పైన ఉన్న పెద్ద బండ్లు. 100, 120 సీట్ల చిన్న జెట్లు కూడా కొనుక్కుంటే మనలాంటి ఊళ్ళకు సర్వీసులు వస్తాయి కదా అన్న ప్రశ్న వినడానికి తేలిగ్గానే ఉంటుంది. విప్పుతూ పోతే చిక్కుముళ్ళు ఒకటొకటిగా బయటపడతాయి.

ట్రిప్పు ఖర్చు వేరు, సీటు ఖర్చు వేరు

విమానం ఖర్చును రెండు రకాలుగా చూడాలి. విమానం ఒకసారి పోయి దిగడానికి మొత్తం ఎంతయింది అన్నది ట్రిప్పు ఖర్చు. దాన్ని సీట్లతో భాగిస్తే వచ్చేది సీటు ఖర్చు. చిన్న విమానానికి మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ. గందరగోళమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఎందుకంటే విమానాన్ని సగానికి కోసినా కొన్ని ఖర్చులు సగం కావు. పైలట్లు ఎప్పుడూ ఇద్దరే. 78 సీట్లకూ ఇద్దరే, 232 సీట్లకూ ఇద్దరే. కింద నిలబడి చక్రాలకు అడ్డు పెట్టేవాళ్ళు, కౌంటర్లో కూచునేవాళ్ళు, ఇంజినీరు సంతకం, ఇవేవీ సగం కావు. ఇంధనం తగ్గుతుంది గానీ సీట్లు తగ్గినంతగా తగ్గదు. క్యాబిన్ సిబ్బంది మాత్రం సీట్లను బట్టి ఉంటారు, యాభై సీట్లకు ఒకరు చొప్పున. 180 సీట్లకు నలుగురు, 78 సీట్లకు ఇద్దరు. అమెరికాలో జెట్‌బ్లూ తన చిన్న జెట్లలో లెక్కగా 100 సీట్లే పెట్టుకుంది. 101వ సీటు వేస్తే మూడో మనిషికి జీతం ఇవ్వాలి మరి!

ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు ఏ సంస్థవీ కావు, లెక్క నడిచే తీరు తెలియడానికి నేను వేసుకున్నవి. 180 సీట్ల విమానానికి ఒక ట్రిప్పు ఖర్చు 6 లక్షల రూపాయలు, 112 సీట్ల జెట్‌కు 4 లక్షల 20 వేలు అనుకుందాం. సీటు ఖర్చు పెద్దదానికి 3,333 రూపాయలు, చిన్నదానికి 3,750. నిండితే పెద్దదే చౌక. ఎక్కింది 85 మందే అయితే కథ తిరగబడుతుంది. ఒక్కొక్కరి మీద పెద్దదానికి 7,000 దాటుతుంది, చిన్నదానికి 5,000 లోపే. ఇక టికెట్టు సగటున 4,500 అనుకుంటే, రెండు విమానాల ఖర్చు తేడా 1 లక్షా 80 వేలు పూడాలంటే 112 మందికి పైన ఇంకో 40 మంది ఎక్కాలి. అంటే ఆ రూటులో రోజూ 152 మందికి పైగా దొరికితే పెద్దది లాభం, అంతకు తక్కువైతే చిన్నది నయం.

మరి చౌక సంస్థ ఏం చేస్తుంది? 152 మంది దొరికే రూట్లే చూసుకుంటుంది. దొరక్కపోతే టికెట్టు రేటు తగ్గించి దొరికేలా చేస్తుంది. హైదరాబాద్–ఢిల్లీ రూటులో రేటు వెయ్యి తగ్గిస్తే రైలెక్కేవాళ్ళు విమానం వైపు వస్తారు. ఆ ఊళ్ళలో మనుషులకు కొదవలేదు. నెల్లూరులో రేటు ఎంత తగ్గించినా రోజూ ముంబయి పోవాల్సిన పని ఎంతమందికి ఉంటుంది? ధర తగ్గించి నింపే విద్య పెద్ద ఊళ్ళలో పారినంతగా చిన్న ఊళ్ళలో పారదు. చిన్న జెట్ కావాలనేవాళ్ళ వాదనకు బలమంతా ఇక్కడే ఉంది.

ఇంకో బలం కూడా ఉంది. రోజుకు ఒక పెద్ద విమానం కంటే రెండు చిన్న విమానాలు పనిమీద పోయేవాడికి ఎక్కువ ఉపయోగం. పొద్దున పోయి, పని చూసుకుని, సాయంత్రానికి ఇంటికొస్తే లాడ్జి ఖర్చు తప్పుతుంది. అలాంటివాడు టికెట్టుకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా గొణగడు.

ఒకే రకం విమానం మీద అంత పట్టుదలెందుకు

అమెరికా చౌక సంస్థ సౌత్‌వెస్ట్ 1971లో టెక్సస్‌లో మూడు బోయింగ్ 737లతో మొదలైంది. మరుసటి ఏడు డబ్బు చాలక, తర్వాత చేరిన నాలుగో విమానాన్ని అమ్ముకోవాల్సి వచ్చింది. సర్వీసులు మాత్రం తగ్గించలేదు. దిగిన విమానాన్ని పది నిమిషాల్లో మళ్ళీ లేపడం నేర్చుకుని, నాలుగు విమానాల పని మూడింటితో లాగించారు. చౌక విమానయానానికి ఓనమాలు అక్కడే పడ్డాయి. విమానం నేలమీద ఉంటే నష్టం, అన్నీ ఒకే రకం అయితే దేని బదులు ఏదైనా తిప్పొచ్చు.

ఆ పట్టుదల ఎంత గట్టిదంటే, 2011లో సౌత్‌వెస్ట్ ఎయిర్‌ట్రాన్ అనే సంస్థను కొన్నప్పుడు దాంతోపాటు 88 బోయింగ్ 717లు వచ్చాయి. 117 సీట్ల చిన్న జెట్లు, పైగా నడుస్తున్న విమానాలు, సిబ్బంది కూడా ఉన్నారు. అంటే చిన్న జెట్లు ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఆర్డరు పెట్టే బాధ లేకుండా ఇంటి గుమ్మంలోకే వచ్చింది. సౌత్‌వెస్ట్ వాటన్నిటినీ డెల్టా సంస్థకు లీజుకు ఇచ్చి పంపేసింది. ఐరోపాలో ఈజీజెట్ కూడా 156 సీట్ల ఎయిర్‌బస్ ఎ319ల నుంచి 186 సీట్ల, 235 సీట్ల విమానాల వైపే నడుస్తోంది. 2006లో ఎ320తో మొదలైన మన ఇండిగో 232 సీట్ల ఎ321లు తెచ్చుకుంది. అందరి నడకా పెద్ద బండి వైపే.

ఇక్కడ మా అన్న బండ్ల పోలిక తెగిపోతుంది. ఐషర్ నడిపే డ్రైవరుకు ఏస్ తాళం ఇస్తే తోలుకుపోతాడు. విమానంలో అట్లా కుదరదు. ఎ320 పైలట్ బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాయర్ చేసే చిన్న జెట్ నడపాలంటే టైప్ రేటింగ్ అని వేరే శిక్షణ, వేరే సిమ్యులేటరు, వేరే పరీక్ష కావాలి. అవన్నీ అయ్యాక కూడా పొద్దున ఇదీ సాయంత్రం అదీ నడపనివ్వరు. హైదరాబాద్‌లో ఒక ఎ320 పైలట్‌కు జ్వరమొస్తే మిగతా ఎ320 పైలట్లలో ఎవరినైనా పిలవొచ్చు. చిన్న జెట్ పైలట్‌కు జ్వరమొస్తే ఆ చిన్న జట్టులోనే వెతుక్కోవాలి. విడిభాగాలు వేరు, స్పేర్ ఇంజిన్ వేరు, మెకానిక్కుల లైసెన్సులు వేరు. ఒక విమానం చెడితే దాని బదులు దింపడానికి అదే రకం ఇంకోటి ఖాళీగా పెట్టుకోవాలి. ఈ అదనపు ఖర్చు పది విమానాలున్నా ఇంచుమించు అంతే, యాభై ఉన్నా ఇంచుమించు అంతే. యాభై మీద పంచితే కనిపించదు, నాలుగు మీద పంచితే నడుం విరుగుతుంది.

నాలుగు మీద పంచడమంటే ఏమిటో మన తెలుగు నేల మీదే చూశాం. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో సర్వీసులు మొదలుపెట్టింది. ఎంబ్రాయర్ జెట్లు, వరసకు రెండూ రెండూ సీట్లు, మధ్య సీటు గొడవ లేదు. ఎక్కినవాళ్ళకు నచ్చింది కూడా. 2014లో సింగపూర్ ఎయిర్‌షోలో ఏకంగా 50 కొత్త తరం ఎంబ్రాయర్లకు ఆర్డరు ప్రకటించి అందరూ తలతిప్పి చూసేట్టు చేసింది. చేతిలో ఉన్నవి మాత్రం నాలుగైదు. ఆ కొద్ది విమానాల్లో కూడా రెండు సైజులు, ఇ170, ఇ190. ఒకటి షెడ్డుకు పోతే సర్వీసుల్లో నాలుగో వంతు పోయినట్టే. 2017 ఫిబ్రవరి ఆఖరుకు డబ్బు కటకటతో సర్వీసులు ఆగిపోయాయి, మళ్ళీ మొదలవలేదు. దానికంటే ముందు చెన్నై కేంద్రంగా పారమౌంట్ కూడా ఎంబ్రాయర్లతోనే నడిచి 2010లో ఆగింది. ఇవి చూసి చిన్న జెట్లదే తప్పని తేల్చేవాళ్ళు చాలామంది. నా మటుకు నాకు జెట్ సైజు కంటే మంద సైజే ముంచిందనిపిస్తుంది.

అదే పని మూడుసార్లు చేసిన మనిషి

డేవిడ్ నీల్‌మన్ అనే ఆయన కథ చూస్తే ఈ చిక్కు ఇంకొంచెం విడుతుంది. ఆయన 2000లో జెట్‌బ్లూ మొదలుపెట్టాడు, ఎ320లతో. సంస్థ బాగా నడుస్తుండగా 2003లో ఒకేసారి 100 ఎంబ్రాయర్ ఇ190లకు ఆర్డరు పెట్టాడు. అప్పటికి ఆ విమానం ఇంకా ఎగరనే లేదు. ఒకటే రకం విమానం అనే సూత్రాన్ని ఒక చౌక సంస్థ కావాలని పక్కన పెట్టడం అప్పట్లో పెద్ద చర్చ. 2005లో ఇ190లు వచ్చాయి. కొత్త రకం విమానానికి మొదటి కొనుగోలుదారు అయితే దాని బాలారిష్టాలన్నీ భరించాలి. జెట్‌బ్లూ భరించింది. తర్వాత ఇంధనం రేట్లు మండాయి, ఏళ్ళు గడిచేకొద్దీ రిపేరు ఖర్చు పెరిగింది. వంద అనుకున్నవి అరవై దగ్గర ఆగాయి. 2018లో వాటి బదులు 60 ఎ220లు తీసుకోవాలని సంస్థ నిర్ణయించింది. అవి 140 సీట్లవి. 2025లో ఆఖరి ఇ190ని సాగనంపారు.

ఇదంతా జరగకముందే నీల్‌మన్ జెట్‌బ్లూ వదిలి బ్రెజిల్‌లో అజుల్ పెట్టాడు. 2008 డిసెంబరులో సర్వీసులు మొదలయ్యాయి, మళ్ళీ ఎంబ్రాయర్లతోనే. ఈసారి పారింది. విమానం అదే, మనిషి అదే. మారింది చోటు. న్యూయార్క్ చుట్టుపక్కల ఏ రూటుకు పోయినా పక్కన ఇంకో సంస్థ ఉంటుంది. అదే రూటులో ఎవరైనా పెద్ద విమానం దింపి రేటు తగ్గిస్తే, సీటు ఖర్చు ఎక్కువున్న చిన్న జెట్ నిలబడలేదు. బ్రెజిల్‌లో ఎవరూ పోని ఊళ్ళు బోలెడున్నాయి. రోడ్లు అంతంత మాత్రం, రైళ్ళు లేనట్టే, దూరాలు ఎక్కువ. అజుల్ రూట్లలో ఎక్కువ భాగం తానొక్కటే నడిచేది. అక్కడ టికెట్టు రేటు తాను చెప్పిందే. తర్వాత అజుల్ పంకాలతో నడిచే ఏటీఆర్‌లు, ఎ320లు కూడా తెచ్చుకుంది. 2025లో అప్పుల భారంతో కోర్టు రక్షణ కోరింది, అది వేరే కథ. మూడోసారి 2021లో అమెరికాలో బ్రీజ్ పెట్టాడు. మొదట ఎంబ్రాయర్లు, వెంటనే ఎ220లు.

ఈ కథలో నాకు కనిపించేది ఒకటే. చిన్న జెట్ బతకాలంటే పోటీ లేని రూటు కావాలి. పోటీ అంటే ఇంకో విమానమే కానక్కర్లేదు.

ఇప్పుడు నెల్లూరు చూడండి. రాత్రి సింహపురి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాద్. నారాయణాద్రి ఉంది. 2023 నుంచి తిరుపతి–సికింద్రాబాద్ వందే భారత్ ఒంగోలు, నెల్లూరుల్లో ఆగుతూ ఆరు గంటల పైచిలుకులో చేరుస్తోంది. జాతీయ రహదారి ఊరి పక్కనే. ఆకాశంలో ఎవరూ లేకపోయినా నేలమీద పోటీ ఇంత ఉంది. బ్రెజిల్‌తో పోల్చేటప్పుడు మనవాళ్ళు ఈ సంగతి మరిచిపోతుంటారు.

మన దేశంలో 80 సీట్ల గీత

ఇక మన దేశపు పన్నుల సంగతి. చిన్న విమానాలను ప్రోత్సహించడానికి కేంద్రం చాలా ఏళ్ల కిందటే రెండు వెసులుబాట్లు ఇచ్చింది. 80 సీట్ల లోపు విమానాలకు ల్యాండింగ్ చార్జీ మినహాయింపు ఒకటి. టేకాఫ్ బరువు 40 టన్నుల లోపున్న విమానాల ఇంధనం మీద అమ్మకం పన్నుకు నాలుగైదు శాతం దగ్గర పరిమితి రెండోది. మిగతా విమానాలకు ఆ పన్ను రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. తమిళనాడులో చాలాకాలం 29 శాతం. విమాన సంస్థ ఖర్చుల్లో ఇంధనానిదే పెద్ద వాటా కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. స్పైస్‌జెట్ 2011లో తెచ్చిన క్యూ400 పంకా విమానాల్లోనూ 78. స్టార్ ఎయిర్ ఎంబ్రాయర్ ఇ175లో 76. అందరూ ఆ గీత దగ్గరికొచ్చి ఆగారు.

మరి 112 సీట్ల ఇ190? బరువు యాభై టన్నుల దగ్గర, సీట్లు 80 పైన. రెండు వెసులుబాట్లూ లేవు. పెద్దదానికున్న సీటు చౌకా లేదు, చిన్నదానికున్న పన్ను చౌకా లేదు. మా అన్న ఒకటిన్నర టన్ను సరుకు లాగా సరిగ్గా మధ్యలో పడిపోయింది. మన దేశంలో చౌక సంస్థలు 100–120 సీట్ల జెట్ జోలికి పోకపోవడానికి సగం కారణం వ్యాపార సూత్రాలైతే, మిగతా సగం ఈ గీత అని నా నమ్మకం.

ఇండిగో దారి చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. పదకొండేళ్ళు ఒకే రకం విమానంతో నడిచిన సంస్థ 2017లో నియమం సడలించింది. సడలించింది కూడా జెట్ కోసం కాదు, రెక్కకో పంకా తిరిగే ఏటీఆర్ కోసం. ఒకేసారి 50కి ఆర్డరు పెట్టింది. అంటే మొదటి రోజు నుంచే రెండో రకానికి వేరే పైలట్ల జట్టు, వేరే షెడ్డు పెట్టుకునేంత మంద.

పంకా విమానం అంటే మనవాళ్ళకు కొంచెం చులకన. అంత చిన్నదా, ఊగుతుందేమో అంటారు. నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు గీత గీసినట్టు కొలిస్తే 350 కిలోమీటర్లకు అటూ ఇటూ. అంత దూరంలో జెట్ ఆదా చేసేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. శంషాబాద్‌లో లగేజీ బెల్టు దగ్గర నిలబడే టైము అంతకంటే ఎక్కువ! ఇంధనం మాత్రం ఏటీఆర్ చాలా తక్కువ తాగుతుంది. రన్‌వే కూడా తక్కువ చాలు. ఒకటిన్నర కిలోమీటరు రన్‌వే ఉన్న పుదుచ్చేరికి క్యూ400లు, ఏటీఆర్‌లే పోయాయి. కాబట్టి నెల్లూరు–హైదరాబాద్, నెల్లూరు–బెంగళూరు లాంటివి చిన్న జెట్ చేయాల్సిన పనే కాదు.

చిన్న జెట్‌కు పని దొరికేది దూరం ఎక్కువ, జనం తక్కువ ఉన్న రూట్లలో. నెల్లూరు నుంచి ముంబయి తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాట, ఢిల్లీ పదహారు వందల దగ్గర. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్‌లో ఢిల్లీ దాకా కూచోవడం ఎవరి వల్లా కాదు, అంత దూరం దానికి లాభమూ కాదు. 180 మంది రోజూ దొరకరు. 100 సీట్ల జెట్ అక్కడ బాగానే సరిపోతుంది. సరిపోతుంది గానీ ముంబయిలో దిగడానికి స్లాటు, అంటే కేటాయించిన టైము, ఎవరిస్తారు? ఇన్నాళ్ళూ ముంబయి ఎయిర్‌పోర్టులో ఒక్క స్లాటు దొరకడం గగనం. దొరికిన స్లాటును 232 సీట్ల విమానానికి వాడాలా, 100 సీట్లదానికా? సంస్థ ఏది ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదు. నవీ ముంబయి లాంటి కొత్త ఎయిర్‌పోర్టులు వచ్చేకొద్దీ ఈ పీటముడి కొంత వదులవ్వాలి.

ఇంకో వాదన ఈ మధ్య ఎక్కువ వినబడుతోంది. ఒకే రకం విమానం పెట్టుకుంటే ఆ రకానికి జబ్బు చేసినప్పుడు సంస్థంతా మంచం పడుతుంది కదా, రెండో రకం ఉంటే ఆసరా కదా అని. మాట నిజమే. 2019 మార్చిలో 737 మ్యాక్స్‌లను ప్రపంచమంతా నేలకు దించినప్పుడు సౌత్‌వెస్ట్ 34 విమానాలు ఒక్కసారిగా పక్కన పెట్టాల్సి వచ్చింది. అన్నీ ఎ320లే నడిపిన గో ఫస్ట్ 2023 మేలో చేతులెత్తేసింది, ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల బాధే కారణమంది. అయితే కొత్త ఎంబ్రాయర్ ఇ2లకూ, ఎ220లకూ ఉన్న ఇంజిన్లు ఆ ప్రాట్ అండ్ విట్నీ కుటుంబంవే. ఒక జబ్బు నుంచి తప్పించుకుందామని అదే జబ్బున్న ఇంట్లో సంబంధం కలుపుకున్నట్టు. విమానం పేరు చూసి రెండో రకం అనుకుంటే సరిపోదు, ఇంజిన్ మూత ఎత్తి చూడాలి.

టికెట్టు చిన్నది, ప్రయాణం పెద్దది

ఇంత చెప్పాక కూడా ఒక సంస్థ 2024లో చిన్న జెట్లు తెచ్చుకుంది. సింగపూర్ చౌక సంస్థ స్కూట్, 112 సీట్ల ఇ190–ఇ2లు తొమ్మిది. పైన చెప్పిన లెక్కలన్నీ వాళ్ళకూ తెలుసు. అయినా ఎందుకు?

క్రాబి, హాట్ యాయ్, కో సముయి లాంటి చిన్న చోట్ల నుంచి జనాన్ని సింగపూర్ చేర్చి, అక్కడ పెద్ద విమానాలు ఎక్కించడానికి. సముయి నుంచి సింగపూర్‌కు అమ్మిన టికెట్టు మీద మిగిలింది కొంచెమే కావచ్చు. ఆ మనిషి సింగపూర్ నుంచి మెల్‌బోర్న్ పోతే ఆ పెద్ద విమానంలో ఒక ఖాళీ సీటు నిండింది. చిన్న విమానం లెక్కను దాని రూటు వరకే కట్టి చూస్తే నష్టం, పెద్ద విమానంతో కలిపి చూస్తే లాభం. కనిగిరి రిజర్వాయరు కింద ఉన్న ఒక పిల్ల కాలువను పట్టుకుని, ఇందులో పారే నీళ్ళెన్ని అని అడిగితే ఏం తెలుస్తుంది? దాని కింద ఎన్ని ఎకరాలు తడుస్తున్నాయో చూడాలి.

నెల్లూరు బలం ఏదన్నా ఉంటే అది ఇక్కడే అని నాకు అనిపిస్తుంది. హైదరాబాద్‌లో పనుండి పోయేవాళ్ళకు రైలుంది. హైదరాబాద్ మీదుగా ఇంకో చోటికి పోయేవాళ్ళు వేరు. రొయ్యల ఎగుమతి పనిమీద ఢిల్లీ, ముంబయి తిరిగేవాళ్ళు, కృష్ణపట్నం పోర్టుకు వచ్చిపోయే అధికారులు, అమెరికాలో పిల్లలున్న ముసలి తల్లిదండ్రులు. నెల్లూరులో ఒకసారి సూట్‌కేసు అప్పజెప్తే డల్లాస్‌లోనో చికాగోలోనో తీసుకోవచ్చంటే మీనంబాక్కం ట్రాఫిక్‌లో ఎవరు కూచుంటారు? ఇంట్లో రెండు సూట్‌కేసులు తూకం వేసి, ఆవకాయ జాడీ ఏ సూట్‌కేసులో పెట్టాలో తేలక, రాత్రి పదింటికి కారు మాట్లాడుకుని చెన్నై బయల్దేరే అమ్మానాన్నలను చూసినవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. వీళ్ళ కోసం రోజుకు రెండు ఏటీఆర్ సర్వీసులు నడపడానికి, దూరదేశాల విమానాలతో చేతులు కలిపిన పెద్ద సంస్థకు కారణం ఉంది. ఇతర సర్వీసులేవీ లేని చిన్న సంస్థకు ఆ కారణం లేదు.

ప్రభుత్వ సాయం సంగతి కూడా ఒక మాట. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయల దగ్గర, తగ్గిన డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, మూడేళ్ళ పాటు. దాన్ని నడిపిన హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. కడపకు ఇండిగో ఏటీఆర్ వచ్చింది. మూడేళ్ళ సాయం రూటును పుట్టించగలదు గానీ, దాన్ని పెంచాల్సింది వెనకాల పెద్ద నెట్‌వర్క్ ఉన్నవాళ్ళే.

ఇంతకీ చౌక సంస్థ చిన్న జెట్లు కొనాలా? మన దేశంలో, ఇప్పుడున్న గీతలతో అయితే, 100–120 సీట్ల జెట్ వద్దనే నేనంటాను. ఆ గీత 80 నుంచి 120కి జరిపితే, లేదా ఇంధనం పన్ను అన్నిచోట్లా ఒకటే అయితే లెక్క మళ్ళీ వేసుకోవాలి. అప్పుడైనా నలభై యాభై ఒక్కసారిగా తీసుకునే స్తోమత ఉన్నవాళ్ళకే ఆ ప్రశ్న. కొనకుండా బాడుగకు తెచ్చుకునే దారి కూడా ఉంది. అమెరికాలో స్కైవెస్ట్ లాంటి సంస్థలు చిన్న జెట్లు నడుపుతాయి, టికెట్లు డెల్టా, యునైటెడ్ పేరు మీద అమ్ముడవుతాయి. ఇండిగో కూడా దూరదేశాల కోసం టర్కిష్ ఎయిర్‌లైన్స్ 777లను, నార్వే సంస్థ నార్స్ 787లను పైలట్లతో సహా బాడుగకు తెచ్చుకుంది. చిన్న విమానాలకూ అదే చేయొచ్చు. బాడుగకిచ్చేవాడు నాలుగు కాలాలు బతికుండాలి, అంతే. మన దగ్గర చిన్న సంస్థల్లో ఎంతమంది బతికున్నారో పైన చూశాం.

మా అన్న ఆ తర్వాత ఏస్ అమ్మేశాడు. అవసరమైనప్పుడు మధ్య సైజు బండి బాడుగకు తెస్తున్నాడు. ఈ మధ్య ఫోన్ చేస్తే గొంతులో విసుగు. పట్టుబడులన్నీ ఒకే వారంలో పడ్డాయట, బాడుగ బండి ఒక్కటి దొరకలేదట. "ఇంక సొంతానికి కొంటావాన్నా?" అని అడిగాను.

"కొంటే మూడు కొంటా. లేదంటే లేదు. ఒకటి కొని దాని టైర్లు, దాని మెకానిక్కు, దానికో పని, అవన్నీ ఎతుక్కుంటా కూచోలేనురా" అన్నాడు.